చూచిన చోట్లను మరల చూచుట

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే యని పూర్వము మన పెద్దలు చెప్పుకొనెడివారు. రైలుబండ్లు వచ్చిన పిదప ఆ సామెతకు బలము తగ్గినది. నేడు ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు విశ్వనాథుని సన్నిధి చేరువారును గలరు. అయినను గృహిణుల విషయమున ఒక్క సంగతి మాత్రము మారలేదు. ఒకమారు చూచిన చోటును రెండవమారు చూచు భాగ్యము మనలో నెందరికి గలదు? పిల్లల చదువులు, పెద్దల యారోగ్యము, ఇంటి ఖర్చులు మనలను కదలనీయవు. జీవితములో నొకసారి పోయివచ్చిన యాత్రను ముప్పదియేండ్లు నెమరువేసికొనుచు గడుపువారమే మనలో ననేకులము. పూజగదిలోని మూతవేసిన గంగచెంబు, అంచులు పసుపుబారిన నాలుగు ఫొటోలు, రామేశ్వరమున కొన్న శంఖము, ఇవియే మన యాత్రాచరిత్రలు.

ఇట్లుండగా క్రిందటి దసరా సెలవులలో మా యింట నొక వింత యాత్ర జరిగినది. టిక్కెట్టు లేదు, మూట లేదు, పులిహోర పొట్లము లేదు. రాత్రి భోజనములైన పిదప మా అమ్మాయి తన కంప్యూటరును ముందర పెట్టుకొని కూర్చుండెడిది. మేమును, మావారును, ఎనుబదియేండ్ల మా అత్తగారును చుట్టును చేరి, పూర్వము పోయివచ్చిన యూళ్లను ఒక్కొక్కటిగా ఆకాశమునుండి మరల చూచితిమి. ఆ పది రాత్రులలో మేము నేర్చుకొన్న దానిని సోదరీమణులతో చెప్పుకొనవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము. ఇందు మాకు సంతోషము గూర్చిన సంగతులతో బాటు సిగ్గుపడవలసిన సంగతి యొకటి కలదు. దానిని గూడ దాచక చెప్పెదము.

ముందుగా ఈ చిత్రములు ఎచ్చటినుండి వచ్చునో తెలిసికొనుట మంచిది. భూమిచుట్టు తిరుగు ఉపగ్రహములు పైనుండి నేలను నిరంతరము చిత్రించుచుండును. అమెరికావారు 1972వ సంవత్సరము జూలైలో మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహమును పంపిరి. మన దేశమువారు 1988 మార్చి 17వ తేదీన ఐ.ఆర్.ఎస్.-1ఏ అను దానిని పంపిరి. ఆ చిత్రములు చాలకాలము శాస్త్రజ్ఞుల బల్లలమీదనే యుండెను. 2005లో గూగుల్ సంస్థవారు గూగుల్ మ్యాప్స్, గూగుల్ ఎర్త్ అను వానిని బయటకు తెచ్చుటతో అవి సామాన్యుల యిండ్లలోనికి వచ్చినవి. 2009లో మన అంతరిక్ష పరిశోధనా సంస్థవారు భువన్ అను పటమును ప్రకటించిరి. దానిని నడుపు జాతీయ దూర సంవేదన కేంద్రము మన హైదరాబాదులోనే యున్నది.

ఈ చిత్రము లన్నియు నొక్క తీరువి కావు. ఇప్పటి ల్యాండ్‌శాట్ చిత్రములో ఒక్కొక్క చుక్క ముప్పది మీటర్ల పొడవు, ముప్పది మీటర్ల వెడల్పు గల నేలకు గుర్తు. అట్టి చుక్కలో మన యిల్లు, పొరుగిల్లు, నడుమనున్న సందు అన్నియు కలిసిపోవును. నదులు, చెరువులు, అడవులు మాత్రము చక్కగా తెలియును. ఇంకను సన్నని చూపు గల ఉపగ్రహములు గలవు. వాని చిత్రములలో పెరటిలోని తులసికోట కనబడకపోయినను నూతి వలయము కనబడును, డాబామీద ఆరబెట్టిన దుప్పటి తెల్లని మచ్చగా కనబడును. మా అత్తగారికి మొదట చూపినది మా యింటి డాబాయే. ఆమె కండ్లజోడు సవరించుకొని, “ఆ నీళ్లట్యాంకు మూత తీసి ఉంది, చూశావా?” అనిరి. మావారు పైకి పోయి చూచి వచ్చి, మూత వేసియే యున్నదనిరి. ఆకాశమునుండి తీసిన యే చిత్రమును ఇప్పటిది కాదనియు, ఏనాడో తీసి యుంచినదనియు మాకు తెలిసిన మొదటి పాఠమిది.

మొదటి రాత్రి కాశికి పోయితిమి. 2004లో మా అమ్మగారితో కలిసి మేము కాశికి పోయి తొమ్మిది రాత్రులు నిద్రచేసితిమి. అందరు తెలుగువారివలెనే కేదారఘట్టమునకు దగ్గరనున్న దక్షిణాదివారి వాడలలో బస చేసితిమి. నాటి కాశి యనగా మాకు జ్ఞాపకము వచ్చునది సందులు. ఇద్దరు మనుష్యులు ఎదురుపడినచో ఒకరు గోడకంటుకొని నిలువవలెను. ఆబోతు ఎదురుపడినచో ఇద్దరును అంటుకొని నిలువవలెను. పాలకోవా వాసన, బిల్వపత్రముల బుట్టలు, తడిసిన రాళ్లు. మా అమ్మగారు జారిపడుదు రేమోయని మేము వారి చేతిని వదలలేదు.

ఆ సందులను ఆకాశమునుండి వెదకితిమి. కనబడలేదు. అచ్చటి మేడలు ఒకదానినొకటి ఒరసికొని యుండుటచేత పైనుండి చూచువారికి కప్పులే గాని బాటలు కనబడవు. కాశిని పైనుండి చూచినవారికి సందులు లేని యూరుగా తోచును. కాని ఆలయమునకును గంగకును నడుమ వెడల్పైన తెల్లని చప్టా యొకటి స్పష్టముగా కనబడినది. అది విశ్వనాథధామము. దానికి 2019 మార్చి 8వ తేదీన శంకుస్థాపన చేసి, 2021 డిసెంబరు 13వ తేదీన తెరచిరి. అంతకుముందు సుమారు మూడువేల చదరపుటడుగులు మాత్రమే యుండిన ఆలయప్రాంగణము ఇప్పుడు సుమారు అయిదులక్షల చదరపుటడుగులైనది. అందుకై మూడువందలకు పైగా కట్టడములను కొని తొలగించిరి. ఆ యిండ్ల గోడలలో కలిసిపోయియుండిన నలుబదికి పైగా చిన్న గుళ్లు అప్పుడు బయటపడినవి. ఇప్పుడు నడువలేని వృద్ధులు గూడ గంగలో మునిగి నేరుగా స్వామిని దర్శింపవచ్చును. ఇది మేలు. అయినను మా అమ్మగారి చేతిని పట్టుకొని నడచిన సందు ఆ తెల్లని రాతిక్రింద నెక్కడనో యున్నది. మా అమ్మగారు ఇప్పుడు లేరు. మేము ఆ చప్టాను చూచుచు కొంతసేపు మాటలాడలేదు.

మరునాటి రాత్రి సంగమేశ్వరమునకు పోయితిమి. నంద్యాల జిల్లాలో కృష్ణా భవనాశి నదులు కలియుచోట నున్న ఈ క్షేత్రమును సప్తనదీసంగమ మందురు. శ్రీశైలము ఆనకట్ట కట్టిన పిదప 1981 మొదలుకొని ఈ గుడి ఏటేట జలాశయములో మునుగుచున్నది. జలాశయము నిండినప్పుడు నీటిమట్టము 885 అడుగులు. వేసవిలో నీరు బాగుగా తగ్గిన యేడు గుడి మెల్లగా పైకి తేలును. పూజారులు ఒండ్రు కడిగి దీపము వెలిగింతురు. కొన్నియేండ్ల క్రిందట ఒక వైశాఖమాసమున మేము పిల్లలతో అచ్చటికి పోయి, ఎండిన బురదపై నడచి, వేపకొయ్య లింగమును దర్శించితిమి.

అమ్మాయి ఆ చోటును తెరపైకి తెచ్చెను. నీలముగా నీరు తప్ప నేమియు లేదు. చోటు తప్పితి మేమో యని వెదకితిమి. లేదు, అదే చోటు. అప్పుడు అమ్మాయి ఒక గడియారపు బొమ్మను నొక్కెను. తెరపై నొక గీత వచ్చెను. ఆ గీతమీద కొన్ని చుక్కలు, ఒక్కొక్క చుక్క యొక్కొక్క తేదీ. గూగుల్ ఎర్త్‌లో 2009 నుండియు ఈ సదుపాయము కలదు. అదే చోటును ముందటి యేండ్లలో తీసిన చిత్రములన్నింటిని వరుసగా చూడవచ్చును. ఒక చుక్క నొక్కగా నీరు, మరియొకటి నొక్కగా బూడిదరంగు ఒండ్రు, ఇంకొకటి నొక్కగా ఆ యొండ్రు నడుమ చిన్న చదరముగా గుడి! పిల్లలు చప్పట్లు కొట్టిరి. మా అత్తగారు చేతులు జోడించిరి. ఉన్నదా లేదా యను ప్రశ్నకు ఏ నెలలో అని తిరిగి యడుగవలసిన గుడి అది. అప్పుడు మాకు రెండవ పాఠము తెలిసినది. చిత్రముమీద ముందుగా చూడవలసినది తేదీ. ఒక్కొక్కచో రెండు తేదీలలో తీసిన తునుకలను అతికి యొక్క పటముగా చూపుదురు. అందుచేత నదికి ఒక యొడ్డున వరదయు రెండవ యొడ్డున ఇసుకయు కనబడుటయు గలదు. తేదీ చూడక, ఊరు మునిగెననియు ఇల్లు పోయెననియు కంగారుపడరాదు.

ఆ రాత్రియే అమ్మాయి మాకొక నిజమైన కథ చెప్పెను. మధ్యప్రదేశములోని ఖండ్వాలో పుట్టిన సరూ అను బాలుడు 1986లో అయిదేండ్ల వయసున అన్నతో కలిసి బయలుదేరి, బుర్హాన్‌పూర్ స్టేషనులో వేరుపడి, ఒంటరిగా రైలెక్కి కలకత్తా చేరెను. తన యూరి పేరు సరిగా చెప్పలేకపోయెను. అనాథగా నెంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దంపతులకు దత్తత నిచ్చిరి. పెద్దవాడైన పిదప అతడు గూగుల్ ఎర్త్ ముందర కూర్చుండి, కలకత్తానుండి వచ్చు రైలుమార్గముల వెంబడి స్టేషను స్టేషనును రాత్రులు వెదకెను. అతనియొద్ద నున్నది కొన్ని చిన్ననాటి గుర్తులు మాత్రమే. స్టేషనుకు దగ్గర నొక నీళ్లట్యాంకు, ఒక వంతెన, నదిపై నొక ఆనకట్ట. 2011లో ఆ గుర్తులు సరిపోయిన చోటు దొరకెను. 2012లో పోయి తల్లిని కలిసికొనెను. అతడు వ్రాసిన పుస్తకమునుబట్టి 2016లో లయన్ అను చలనచిత్రమును తీసిరి.

ఈ కథ వినుచున్నంతసేపు మా అత్తగారు కదలలేదు. ఆ తల్లి, కొడుకు వచ్చునని అదే పేటలో కనిపెట్టుకొని యుండెనని వినగానే కన్నీరు తుడిచికొనిరి. పిమ్మట, “అయితే రామ్‌బాడాలో ఆ మనిషి ఇల్లు కూడా దొరుకుతుందన్న మాట. రేపు అది చూపించు, అమ్మడూ” అని లేచి పడుకొనుటకు పోయిరి. మేమును మావారును ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి.

ఈ రామ్‌బాడా సంగతి చెప్పవలెను. 1996 మే నెలలో మా అత్తగారును మామగారును మా యూరి యాత్రికులతో కలిసి బస్సులో ఉత్తరదేశ యాత్రకు పోయిరి. కేదారనాథము సముద్రమట్టమునకు 11,755 అడుగుల యెత్తున నున్నది. నాడు గౌరీకుండమునుండి పదునాలుగు కిలోమీటర్లు నడచియో, గుఱ్ఱముమీదనో, డోలీలోనో పోవలెను. ఆ దారికి నడుమ, మందాకిని యొడ్డున, రామ్‌బాడా యను మజిలీ యుండెను. టీకొట్లు, రేకుల పాకలు, గుఱ్ఱముల కొట్టములు, యాత్రికులు తల దాచుకొను గదులు, ఇంతియే ఆ యూరు. మా మామగారికి అచ్చటికి చేరునప్పటికి ఊపిరి అందలేదు. పైగా వడగండ్ల వాన పట్టుకొన్నది. తోడివారు ముందుకు సాగిపోయిరి. అప్పుడొక కొట్టు యజమానురాలు వారిద్దరిని లోనికి పిలిచి, పొయ్యి యొద్ద కూర్చుండబెట్టి, మామగారి పాదములను తన చేతులతో రాచి వేడి పుట్టించెను. గొంగడి కప్పెను. అల్లపు టీ యిచ్చెను. ఆ రాత్రి కదలనీయలేదు. తెల్లవారి డబ్బు ఇయ్యబోగా పుచ్చుకొనలేదు. మా అత్తగారు తమ సంచిలోని ఆవకాయ సీసా ఆమె చేతిలో పెట్టిరి. ఆమె కొంచెము నాలుకకు రాచుకొని, కండ్లలో నీరు తిరుగగా పకపక నవ్వెనట. ఒకరి భాష యొకరికి రాదు. “మళ్లీ వస్తాం” అని మా అత్తగారు తెలుగులోనే చెప్పి వచ్చిరి.

మా మామగారు 2009లో కాలము చేసిరి. ఆ రాత్రి ఆ పొయ్యి లేకున్నచో ఆయనతో పదమూడేండ్లు తక్కువగా కాపురము చేసియుందునని మా అత్తగారు తరచు చెప్పెదరు. ప్రతి మహాశివరాత్రినాడును ఆమె పేరు తెలియకయే ఆమె బిడ్డలు చల్లగా నుండవలెనని స్వామికి మ్రొక్కుచుండిరి.

2013 జూన్ 16, 17 తేదీలలో కేదారనాథమునకు పైనున్న చోరాబారీ సరస్సు కుండపోత వానకు తెగెను. నీరు, మంచు, బండరాళ్లు ఒక్కుమ్మడిగా దిగినవి. ఒక పెద్ద బండ వచ్చి ఆలయము వెనుక నిలిచి ప్రవాహమును రెండుగా చీల్చుటచేత గుడి నిలిచినది. ఊరు చితికినది. క్రిందనున్న రామ్‌బాడా యావత్తును తుడిచిపెట్టుకొనిపోయినది. వేలాది జనులు మృతినొందిరి. అది యాత్ర ముమ్మరముగా జరుగు నెల. మా అత్తగారికి అప్పుడే కంటి ఆపరేషను జరిగి కట్టు కట్టియుండిరి. టెలివిజనులో రామ్‌బాడా పేరు వినబడగానే మేము ఆపివేసితిమి. గుడికి భయము లేదు, స్వామి క్షేమము అని మాత్రము చెప్పితిమి. కట్టు విప్పిన తరువాత చెప్పుదమనుకొంటిమి. పిదప చెప్పలేదు. ఏండ్లు గడచినవి. ఆమె శివరాత్రి మ్రొక్కు వినినప్పుడెల్ల మాకు గుండెలో ముల్లు గ్రుచ్చుకొనెడిది. పెద్దవారి మనసు నొప్పింపరాదని మాకు మేము చెప్పుకొంటిమి.

మూడవ రాత్రి తప్పించుకొను దారి లేకపోయినది. అమ్మాయికి ఈ సంగతి తెలియదు. గౌరీకుండమునుండి మందాకిని వెంబడి పైకి సాగెను. మా అత్తగారు, “ఇప్పుడొక వంపు వస్తుంది, వంపు తిరగ్గానే కొట్లు” అని చెప్పుచుండిరి. వంపు వచ్చెను. దాని తరువాత కొండచరియనుండి నదివరకు తెల్లని రాళ్లగుట్టలు మాత్రమే కనబడినవి. నదిపై నొక వంతెన, దానిని దాటి ఆవలి కొండపైకి వంకరలు తిరుగుచు పోవు సన్నని దారి. 2013 తరువాత రామ్‌బాడా యొద్ద నది దాటించి, లించౌలీ మీదుగా సుమారు పదునారు కిలోమీటర్ల క్రొత్త బాట వేసిరి. “చోటు తప్పావు” అని అత్తగారనిరి. “లేదు మామ్మా, ఇదే” అని అమ్మాయి యనెను. అత్తగారు మావైపు చూచిరి. అప్పుడు చెప్పితిమి.

ఆమె యేడ్చునని భయపడితిమి. ఆమె యేడువలేదు. కోపించిరి. “పన్నెండేళ్లు! నేను మొక్కుతుంటే పక్కనే నిలబడి విన్నారు. నాకు బాధ కలుగుతుందని దాచారా, చెప్పడం మీకు కష్టమని దాచారా? తెలిసుంటే ఆ ఏడే ఒక దీపం పెట్టేదాన్ని. ఎవరిచేతనైనా ఒక ఉత్తరం ముక్క రాయించేదాన్ని.” మాయొద్ద జవాబు లేకపోయినది. నిజముగా ఆమె యడిగిన రెండవ మాటయే సత్యము. దయ యని మేము పేరు పెట్టుకొన్నది మా పిరికితనము.

అమ్మాయి గడియారపు బొమ్మను నొక్కి వెనుకకు పోయెను. వరదకు ముందటి చిత్రము వచ్చెను. అది స్పష్టమైనది కాదు. మసకగా, కొండనీడ పడి యున్నది. అయినను నది వంపులో చిన్నచిన్న కప్పుల వరుస యొకటి తెలియుచుండెను. అత్తగారు ముందుకు వంగి, వ్రేలితో తెరను తాకి, దారి మొదటినుండి లెక్క పెట్టిరి. “ఇక్కడ గుర్రాలు కట్టేవాళ్లు. ఇక్కడ కుళాయి. దాని తర్వాత మూడోదో నాలుగోదో.” ఆ చోట తెరపై నున్నది గోరంత బూడిదరంగు మచ్చ. ఆమె దానిని చాలసేపు చూచిరి. మావారు మెల్లగా, “ఆవిడ పోయి ఉంటుందమ్మా” అనిరి. వెంటనే ఆమె, “నువ్వు చూశావా? కొట్టు పోయింది. మనిషి పోయిందని ఈ బొమ్మలో ఎక్కడ రాసుంది? ఆ ఏటికి కొట్టు కొడుక్కి ఇచ్చి కింద ఊళ్లో ఉందేమో!” అనిరి. ఆ మాటకు ఎవరమును బదులు చెప్పలేకపోతిమి. చిత్రములో ఆమె లేదు. వరదకు ముందటి చిత్రములోను లేదు.

కొంతసేపటికి అమ్మాయి, “మామ్మా, ఆవిడ పేరేమిటి? పేరుంటే ఎవరినైనా అడగొచ్చు కదా” అనెను. మా అత్తగారు నోరు తెరచి, మరల మూసికొనిరి. “అడగలేదే, తల్లీ. ఒక రాత్రంతా ఆ పొయ్యి దగ్గర కూర్చున్నాను. పేరు అడగాలని తోచలేదు.”

సోదరీమణులారా, ఈ వ్యాసమునకు కారణమైన మాట యిది. కాశిలోని చప్టాను, సంగమేశ్వరములోని గుడిని, రామ్‌బాడాలోని రాళ్లను ఉపగ్రహము మాకు చూపెను. మేము మరచిన వంపును గూడ చూపెను. కాని తన యింటి పొయ్యి యొద్ద మనకు చోటిచ్చిన మనిషి పేరును ఏ ఉపగ్రహమును చూపజాలదు. అది మనము అడిగి తెలిసికొని వ్రాసికొని తేవలసినదే. సరూ తల్లిని చేర్చినది పటము మాత్రమే కాదు. అయిదేండ్ల బాలుడు మరువక దాచుకొన్న నీళ్లట్యాంకును వంతెనయును. గుర్తు మనయొద్ద నుండిననే పటము పనికివచ్చును.

ఏనుగుల వీరాస్వామయ్యగారి సంగతి తలచుకొనుడు. ఆయన 1830 మే 18వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరి కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగివచ్చిరి. నాడు రైలు లేదు, ఫొటో లేదు. అయినను మజిలీ మజిలీకిని ఊరి పేరు, దూరము, దారి మంచిదియో చెడ్డదియో, నీరు దొరకునో దొరకదో వ్రాసిరి. అది 1838లో కాశీయాత్రచరిత్రయను పేర అచ్చయినది. నేడు ఆ పుస్తకమును ఒక ప్రక్క పెట్టుకొని, పటమును మరియొక ప్రక్క పెట్టుకొని, ఆయన నడచిన దారిని మనము చాలవరకు వేలితో నడువవచ్చును. మన యాత్రలకు అట్టి వ్రాత యేది? మనయొద్ద నున్న ఫొటోల వెనుక తేదీయైన లేదు.

కావున మాకు తోచిన నాలుగు మాటలు చెప్పెదము. ఇంట పెద్దవా రున్నచో, నడువలేక మంచమున కంటుకొన్నవా రున్నచో, వారమున కొక రాత్రి వారు చూచిన చోట్లను తెరపై చూపుడు. వారినే దారి చెప్పనిండు. మనము చూపుచు వారిని చూడుమనుటకంటె, వారు చెప్పుచు మనలను వెదకుమనుటలో వారికి సంతోష మెక్కువ. ముందుగా తేదీ చూడుడు. ఆ చోట ఏదైన ఆపద జరిగియున్నచో, చూపకముందే నెమ్మదిగా చెప్పుడు. మేము చేసినట్లు దాచకుడు. పెద్దవారు మనము తలచినంత పెళుసైనవారు కారు. ప్రక్కన నొక నోటుపుస్తక ముంచి, వారి నోట వచ్చిన పేర్లు, ధరలు, తినినవి, తోడు వచ్చినవారు, అన్నియు వ్రాయుడు. చిత్రము మరునాడును దొరకును, ఆ మాట మరునాడు దొరకదు. ఇక మీదట యాత్రకు పోయినప్పుడు, మీకు మంచినీరిచ్చినవారి పేరు, చోటిచ్చినవారి పేరు అడిగి వ్రాసికొనుడు. భాష రాకపోయినను పేరు అడుగవచ్చును. మన రొమ్ముమీద చేయి పెట్టుకొని మన పేరు చెప్పి, వారివైపు చేయి చూపిన చాలును.

మా అత్తగారు రెండు దినములు మాతో మాటలాడలేదు. మూడవనాడు అమ్మాయిని పిలిచి నోటుపుస్తకము తెమ్మనిరి. 1996 మే నెలలో బస్సు బయలుదేరినది మొదలుకొని చెప్పుచు వ్రాయించుచున్నారు. ఈనాటికి హరిద్వారము చేరిరి. రామ్‌బాడా పుట వచ్చినప్పుడు పేరు వ్రాయవలసిన చోట ఖాళీ యుంచుమని ముందే చెప్పిరి. మా బంధువులలో నొకరు వచ్చు వైశాఖమున కేదారనాథమునకు పోవుచున్నారు. గౌరీకుండమున దిగి, పూర్వము రామ్‌బాడాలో కొట్లు పెట్టుకొనియుండినవారు ఎవరైన నున్నారేమో అడుగుమని అత్తగారు వారికి అప్పగించిరి. గుర్తు ఏమని చెప్పవలెనని వారడిగిరి. “ఆవకాయ తిని నవ్విన మనిషి” అని చెప్పుమనిరి.

వారి చేతికిచ్చి పంపుటకు ఒక సీసాయు సిద్ధముగా నున్నది.